వానదేవుడి గుడి - గింజ పండించిన చేతులు

మెక్సికోలో ఆజ్టెక్ జనానికి మొక్కజొన్నే కూడు. ఆ పైరుకి వానే ఆధారం. అందుకే వాళ్ళ దేవతల్లో నీళ్ళ దేవతలకి పెద్దపీట వేశారు. వాన కురిపించేవాడు త్లాలోక్. వడగళ్ళూ పిడుగులూ కరువూ కూడా ఆయన చేతిలోవే. ఏళ్ళకీ చెరువులకీ తల్లి చాల్చివూత్లిక్వే. పచ్చరాళ్ళ పావడా కట్టినామె అని ఆ పేరుకి అర్థం.

రాజధాని తెనోచ్తిత్లాన్ సరస్సు మధ్య దీవి మీద వెలిసింది. అక్కడి పెద్దగుడి శిఖరాన రెండు గుళ్ళుండేవి. ఒకటి యుద్ధదేవుడిది, రెండోది త్లాలోక్‌ది. ఆ రాజ్యం బతికింది కూడా ఆ రెండింటి మీదే: ఓడినవాళ్ళ దగ్గర గుంజిన కప్పం, రైతు పండించిన పంట.

1450 మొదలు వరసగా పంటలు పోయాయి. రాజు గాదెలు తెరిచాడు, అవీ ఖాళీ అయ్యాయి. 1454 నాటికి జనం గింజల కోసం కన్నబిడ్డల్ని అమ్ముకున్నారు. బలికి తీసుకుపోయే పిల్లలు ఏడిస్తే వాన పడుతుందని వాళ్ళ నమ్మకం. 1980లో ఆ గుడి తవ్వకాల్లో, త్లాలోక్ వైపున, ఒకేచోట నలభైమందికి పైగా పసివాళ్ళ ఎముకలు దొరికాయి. ఇది ఆ కరువునాటి బలేనని పండితుల అభిప్రాయం. కరువొస్తే బిడ్డల్ని పోగొట్టుకున్నది ఎవరో వేరే చెప్పాలా?

అదే జనం వాన కోసం ఎదురుచూస్తూ చేతులు ముడుచుక్కూచోలేదు. సరస్సులో లోతు లేనిచోట గుంజలు పాతి, అడుగు బురదా నాచూ ఎత్తిపోసి మడులు కట్టారు. గట్టు కోసుకుపోకుండా అంచున చెట్లు నాటారు. ఈ మడుల్ని చినాంపాలంటారు. చుట్టూ నీళ్ళే గనక ఏడాదిలో రెండు మూడు పంటలు తీశారు. ఉప్పునీరు మంచినీటిలో కలవకుండా పదహారు కిలోమీటర్ల కట్ట పోశారు. సోచిమిల్కోలో ఆ మడులు కొన్నింటిలో ఇవాళ్టికీ సేద్యం సాగుతోంది.

1521లో స్పెయిన్ సైన్యం ఆ నగరాన్ని పడగొట్టింది. వానదేవుడు మాత్రం పల్లెల్లో మిగిలాడు. కోవాత్లిన్‌చాన్ ఊరి దగ్గర 160 టన్నులు దాటిన రాతి విగ్రహం ఒకటుండేది. 1964లో ప్రభుత్వం దాన్ని రాజధాని మ్యూజియానికి తరలించబోతే ఊరివాళ్ళు బండిని పాడుచేసి అడ్డుకున్నారు. సైన్యాన్ని దించి, ఏప్రిల్ 16న పట్టుకుపోయారు. ఆ రోజు రాజధానిలో కాలం కాని కాలంలో పెద్దవాన కురిసింది. అది త్లాలోక్ కాదు, నీళ్ళతల్లేనని కొందరంటారు. ఎవరైతేనేం, ఆ ఊరి రైతుకి అది తమ నీళ్ళ దేవత.

వానని నమ్ముకున్న రైతుని చూసి నవ్వడం తేలిక. ఆ నమ్మకం పేరుతో ఎవరి గాదె నిండింది, ఎవరి బిడ్డ పోయింది అని అడగడమే మనం చెయ్యాల్సిన పని.