అంతర్జాలంలో ఉచిత ఉపకరణాలు - తరగతి గదిలో తెలుగు కథలు

పాఠ్యపుస్తకం పూర్తయిన తరువాత విద్యార్థి చేతికి ఇవ్వదగిన మరో తెలుగు పుస్తకం ఎన్నో పాఠశాలల్లో లభించదు. చదవడానికి ఏమీ లేనిచోట నేర్చిన చదువు నిలువదు. ఈ కొరతను తీర్చుకునేందుకు అంతర్జాలంలో రుసుము లేకుండా లభించే కొన్ని ఉపకరణాలు ఉపాధ్యాయులకు అక్కరకు వస్తున్నవి. వీటితో కథలు చదివించడమే కాక, విద్యార్థుల చేతనే పుస్తకాలు తయారు చేయించవచ్చును.

వీటిలో ముందుగా చెప్పుకోదగినది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరు 8న, అంతర్జాతీయ అక్షరాస్యతా దినోత్సవం నాడు దీనిని ప్రారంభించింది. తెలుగు సహా అనేక భాషల బొమ్మల కథలు ఇందులో నాలుగు స్థాయిలుగా ఉన్నవి. మొదటి స్థాయి కథ సుమారు 250 పదాలకు మించదు. నాలుగవ స్థాయి కథ 1,500 పదాలు దాటుతుంది. ఐదవ తరగతికి వచ్చినా తడబడుతూ చదివే విద్యార్థికి తరగతిని బట్టి కాక, చదవగలిగిన స్థాయిని బట్టి కథను ఎంపిక చేయవచ్చును. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్న ఈ కథలను, రచయిత, చిత్రకారుల పేర్లను పేర్కొంటూ ఎవరైనా ముద్రించుకోవచ్చు, అనువదించుకోవచ్చు.

అసలు ప్రయోజనం అనువాదంలోనే ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు అమలులోకి వచ్చినందున ఈ పద్ధతి అక్కడి విద్యార్థులకు కొత్త కాదు. చిన్న ఇంగ్లీషు కథను తీసుకొని జట్లుగా తెలుగు చేయించినపుడు ప్రతి వాక్యం వద్ద చర్చ జరుగుతుంది. కథలోని కూరగాయ సొరకాయా, ఉత్తరాంధ్రలో వలె ఆనపకాయా? ‘అంకుల్’ అంటే బాబాయా, మామయ్యా, పెదనాన్నా? సందేహం వచ్చిన పదాన్ని ఆంధ్రభారతి నిఘంటు శోధనలో వెతికితే బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం ఇచ్చిన అర్థాలు ఒకేచోట కనిపిస్తాయి.

2011 నుండి గూగుల్ అనువాదంలో తెలుగు ఉన్నది. దానిని పూర్తిగా నిషేధించడం కన్నా, అది ఇచ్చిన అనువాదాన్ని నల్లబల్లపై రాసి తప్పులు దిద్దించడం మేలైన అభ్యాసం. తల్లి తన బిడ్డను ‘మీరు’ అని సంబోధించిన వాక్యం ఎదురైతే పిల్లలు నవ్వుతారు. ఆ నవ్వుతోనే వారికి మర్యాదావాచకాల పాఠం సగం పూర్తవుతుంది.

టైపింగు విషయంలో కొంత ఓర్పు అవసరం. ‘లేఖిని’ వంటి ఉపకరణంలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయవచ్చును. పెద్దలకు అది సులువు. తెలుగు అక్షరాలు ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్న పిల్లలకు మాత్రం విండోస్‌తో పాటే లభించే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు తగినది. అందులో ‘విద్య’ అని రాయాలంటే వ, గుడి, ద, పొల్లు, య అన్న క్రమంలో నొక్కాలి. యవత్తు ఎక్కడి నుండి వచ్చినదో విద్యార్థికి వేలికొనల ద్వారా తెలుస్తుంది. రాసినది యూనికోడ్‌లోనే ఉండాలి. అను ఫాంట్లలో కూర్చిన వార్త మరో కంప్యూటరులో అర్థంకాని గుర్తులుగా మారడం పాత్రికేయ మిత్రులకు చిరపరిచితమే.

కథలు చదవడానికి ఖాతా అక్కరలేదు. అనువదించి ప్రచురించడానికి కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి వివరాల సేకరణకు తల్లిదండ్రుల సమ్మతిని తప్పనిసరి చేసినది. కనుక విద్యార్థుల పేర్లతో ఖాతాలు తెరువక, ఉపాధ్యాయుని ఖాతా ఒక్కటే వినియోగించడం ఉచితం.

ఒకే కంప్యూటరు ఉన్న పాఠశాలలోనూ ఇది సాధ్యమే. పిల్లలు ముందు నోటుపుస్తకంలో రాసి, దిద్దుకొని, వంతులవారీగా టైపు చేస్తారు. నాలుగు ఎ4 కాగితాలను రెండువైపులా ముద్రించి మధ్యకు మడిచి కుట్టితే పదహారు పుటల పుస్తకం తయారవుతుంది. చివరి పుటలో మూల రచయిత, చిత్రకారుల పేర్లతో పాటు లైసెన్సు వివరం తప్పక ముద్రించాలి. ఆపైన ఆ పుస్తకానికి వరుస సంఖ్య వేసి, పాఠశాల గ్రంథాలయ రిజిస్టరులో నమోదు చేయవచ్చును.