గూళ్ల బండి దారిలో ఆగితే... పంపు మార్చే ముందు ఇవి చూడండి

ఈసారి పురుగుల జబ్బు గురించి కాదు, గూళ్లు మోసే బండి జబ్బు గురించి రాస్తున్నాం.

పోయిన పంటకు హిందూపురం వైపు నుంచి రాత్రే బయలుదేరి బెంగళూరు మీదుగా రామనగరం మార్కెట్‌కు పోతున్నాం. కెంగేరి దగ్గర తెల్లారుజామున బండి టక్కున ఆగిపోయింది. ఇంకా 30 కిలోమీటర్లకు పైనే ఉంది. సెల్ఫ్ బాగా తిరుగుతుంది, ఇంజను మాత్రం అందుకోదు. గూటిలో పురుగుకు ప్రాణం ఉంటుంది కదా, కుప్పగా ఉంటే వేడెక్కి చెమ్మ పడుతుంది, మరకలొస్తాయి. ముందు సంచుల మూతులు విప్పి గాలి తగిలేటట్టు పెట్టినాం.

మాది పాత పెట్రోలు వ్యాను. కార్బురేటర్ బండ్లలో చాలావాటికి పెట్రోలు పంపును ఇంజనే ఆడిస్తుంది. ఇంజెక్షన్ బండ్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది, కరెంటుతో తిరుగుతుంది. కరెంటు అందకపోతే ట్యాంకు నిండా పెట్రోలున్నా బండి కదలదు. అంతకుముందు ఒకసారి ఇట్లే ఆగితే పంపు పోయిందన్నారని కొత్తది వేయించినాం. డబ్బు పోయింది గానీ రోగం పోలేదు.

పక్కనే షాపు తెరిచిన మెకానిక్ తెలుగు బాగా మాట్లాడతాడు. "అన్నా, ఏదీ విప్పొద్దు, ముందు విందాం" అన్నాడు. ఆయన చేసిన వరస ఇది:

1. తాళం ఆన్ చేసి ట్యాంకు దగ్గర చెవి పెట్టాలి. రెండు మూడు సెకన్లు "జుయ్" మని మోగాలి. మాకు మోగలేదు.
2. ఫ్యూజు చూడాలి. మాది బాగుంది. పోయి ఉంటే అదే ఆంపియర్లది వేయాలి, లావు తీగ చుట్టకూడదు.
3. అదే రకం హారన్ రిలే ఉంటే తీసి పంపు రిలే చోట పెట్టి చూడాలి. మాకు మార్పు లేదు.
4. పంపు సాకెట్ ఊడదీసి టెస్టు ల్యాంపు పెట్టాలి. క్లిప్పు బండి బాడీకి తగిలించి, తాళం ఆన్ చేసినప్పుడు పంపుకొచ్చే వైరుకు మొన పెడితే బల్బు బాగా వెలిగింది. అంటే కరెంటు వస్తోంది.
5. క్లిప్పు బాడీ నుంచి తీసి సాకెట్‌లోని నల్ల ఎర్తు వైరుకు పెట్టి మళ్లీ చూస్తే మసగ్గా వెలిగింది. దొంగ దొరికినాడు.

ఆ నల్ల వైరు వెనక ఫ్లోరు కింద ఒక బోల్టుకు బిగించి ఉంది. మ్యాటు ఎత్తితే బోల్టు చుట్టూ తెల్లగా పొడి, కింద తుప్పు. షెడ్డుకు చల్లే బ్లీచింగ్ పౌడర్ సంచులు మేము పెట్టేది ఆ మూలనే! బ్లీచింగ్ చెమ్మ తగిలితే ఇనుమును తినేస్తుంది. ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, గ్రీజు పూసినాడు. తాళం తిప్పగానే పంపు మోగింది. వేలానికి చివర్లో అందుకున్నాం. రెండు సంచుల్లో మరక గూళ్లు వేరుచేయాల్సి వచ్చింది.

ఒక హెచ్చరిక: పెట్రోలు వాసన గట్టిగా ఉంటే టెస్టు ల్యాంపు పెట్టొద్దు, నిప్పురవ్వ లేస్తుంది. పెట్రోలు పైపులు మీరుగా విప్పొద్దు, లోపల ప్రెషరు ఉంటుంది. బీడీ దూరంగా పెట్టండి.

ఇప్పుడు మేము బ్లీచింగ్‌ను మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములోనే తెస్తున్నాం. డ్యాష్‌బోర్డులో ఒక ఫ్యూజు, ఒక రిలే, ఒక టెస్టు ల్యాంపు పెట్టుకున్నాం. గూళ్లు కోసే ముందురోజు ఒకసారి తాళం వేసి పంపు చప్పుడు వింటాం. మీరూ వినండి.