సత్యము వలన ప్రయోజనమేమి?



ముడిమ్యాల గ్రామములో ఒకనాటి సాయంకాలము ఉపన్యాసము ముగిసినది. తీర్థప్రసాదములు స్వీకరించి అందరును ఇండ్లకు మరలుచుండగా ఒక రైతుసోదరుడు మాత్రము మంటపము మెట్ల యొద్ద నిలిచిపోయినాడు. "అయ్యా, సత్యము గొప్పదని మీరు చెప్పినారు. నా అనుభవము వేరుగా నున్నది, వినెదరా?" అని అడిగినాడు.

ఆయన చెప్పిన విషయమిది. కుమార్తె వివాహము నిమిత్తము ఆయన ఒక ఎకరము భూమిని అమ్మదలచినాడు. కొనవచ్చినవారు బోరుబావిని చూచి, నీరు ఎట్లున్నదని అడిగినారు. "వానకాలములో నిండుగా పోయును, ఫాల్గుణము దాటిన పిమ్మట గంటసేపు కూడ పోయదు" అని ఆయన ఉన్నమాట చెప్పినాడు. ధర తగ్గినది. ప్రక్క పొలములోని బోరు కూడ అట్టిదే. ఆ పొలము గలవాడు కార్తికమాసములో కొనుగోలుదారులను పిలిచి, మోటారు వేసి, నీటిధారను చూపించి, పూర్తి ధర పుచ్చుకొన్నాడు. "అతడు ఇల్లు కట్టినాడు, నేను అప్పు చేసినాను. ఇక సత్యము వలన నాకు కలిగిన ప్రయోజనమేమి?" అని ఆ సోదరుడు అడిగినాడు.

ఈ ప్రశ్నకు ఆనాడు తొందరపడి సమాధానము చెప్పలేదు. అది ఒక్కరి ప్రశ్న కాదు. నగరము పెరుగుచు వచ్చి భూముల ధరలు మిన్నంటిన చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో ఇంటింటను ఏదో ఒక రూపములో ఈ ప్రశ్న ఉన్నది. కావున దానిని గూర్చి కొంచెము నిదానముగా విచారింతము.

ముందుగా ఒక విషయము ఒప్పుకొనవలెను. సత్యము పలికినవానికి ఎల్లప్పుడును లాభమే కలుగునని చెప్పుట కూడ ఒక అసత్యమే. హరిశ్చంద్రుడు రాజ్యమును కోల్పోయినాడు, ఆలుబిడ్డలను అమ్ముకొన్నాడు, చివరకు తానే అమ్ముడుపోయి కాటికాపరి అయినాడు. యథార్థవాది లోకవిరోధి అని పెద్దలు ఊరక అనలేదు. సత్యము లాభసాటి బేరమే అయినచో అందరును దానినే ఆశ్రయించెడివారు. దానిని వ్రతమని పిలువవలసిన అవసరమే ఉండెడిది కాదు.

అట్లయిన సత్యము ఏల? ఇచ్చట మన ప్రశ్నను కొంచెము మార్చి అడుగవలెను. "నిజము చెప్పినవానికి ఏమి వచ్చినది?" అని కాక, "అబద్ధము చెప్పినప్పుడు నష్టము ఎక్కడికి పోయినది?" అని అడుగవలెను. వేసవిలో ఎండిపోవు బోరు ఒక నష్టము. అది ఆ భూమిలో ఉన్నది. చెప్పినను ఉన్నది, చెప్పకున్నను ఉన్నది. చెప్పిన రైతు దానిని తానే మోసినాడు. చెప్పనివాడు దానిని ఏమియు తెలియని మరొకని నెత్తిన పెట్టినాడు. కొన్నవాడు అప్పు తెచ్చి, టమాట నారు నాటి, చైత్రమాసములో మడులు నెర్రెలు విచ్చుచుండగా మోటారు దగ్గర కూర్చుండి ఆ నష్టమును అనుభవించును. అబద్ధము నష్టమును తుడిచివేయదు. దానిని మోసెడివానిని మాత్రమే మార్చును.

"అతడు అబద్ధమాడలేదు కదా, నీటిని చూపించినాడు కదా" అని కొందరు అనవచ్చును. భారతములోని ద్రోణపర్వమును స్మరింపుడు. అశ్వత్థామ అను ఏనుగు చచ్చిన మాట నిజమే. కాని ఏనుగు అను మాటను ధర్మరాజు వినబడకుండ పలికినాడు. ద్రోణుడు తన కుమారుడే మరణించినాడని నమ్మి అస్త్రసన్న్యాసము చేసినాడు. అంతవరకు భూమికి నాలుగంగుళములు ఎత్తున నడచిన ధర్మరాజు రథము ఆ క్షణమున నేలను తాకినదని వ్యాసులవారు చెప్పినారు. మాటలోని అక్షరములు నిజమైనంత మాత్రమున అది సత్యము కాదు. విన్నవాని మనస్సులో నిలిచినది నిజమా, కాదా అని చూడవలెను. కార్తికమాసములో చూపిన నీటిధార అట్టి ఏనుగు మాటయే.

ఎకరము భూమి విషయములోనే కాదు, వేల కోట్ల వ్యవహారములలోను ఇదే న్యాయము. మనకు తూర్పున నున్న హైదరాబాదు మహానగరములో 1987వ సంవత్సరమున ఒక కంప్యూటరు సంస్థ స్థాపింపబడినది. దాని పేరే సత్యం. అది అంచెలంచెలుగా పెరిగి 50 వేలకు పైగా ఉద్యోగులు గల సంస్థ అయినది. మన పల్లెల నుండి చదువుకొని వెళ్లిన పిల్లలకు అందులో ఉద్యోగము దొరకుట ఒక గౌరవముగా నుండెడిది. 2008 సెప్టెంబరులో ఉత్తమ నిర్వహణకు గాను గోల్డెన్ పీకాక్ పురస్కారము కూడ దానికి లభించినది.

తరువాత నాలుగు మాసములైనను గడువక ముందే, 2009 జనవరి 7వ తేదీన, ఆ సంస్థ అధ్యక్షులు బి. రామలింగరాజు తమ డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ వ్రాసినారు. సంస్థ లెక్కలలో నగదు, బ్యాంకు నిల్వలు రూ. 5,361 కోట్లని చూపబడినవనియు, అందులో రూ. 5,040 కోట్లు అసలు లేనే లేవనియు ఒప్పుకొన్నారు. నిజమైన లాభమునకును, చూపిన లాభమునకును మధ్య నున్న కొద్దిపాటి తేడా ఏండ్ల తరబడి పెరిగి తమ చేయి దాటిపోయినదని తెలిపినారు. పులి మీద స్వారీ చేయుచు, దిగినచో అది మ్రింగునని భయపడువాని స్థితితో తమ స్థితిని పోల్చుకొన్నారు.

ఆ తేడా ఎట్లు పెరిగినదో గమనింపవలెను. లాభము వచ్చినదని వ్రాసిన యెడల దానికి సరిపడు సొమ్ము ఎక్కడనో ఉండవలెను. లేని సొమ్మును బ్యాంకులో ఉన్నట్లు చూపుటకు నకిలీ పత్రములు కావలెను. ఆ సొమ్ము పని వలన వచ్చినదనుటకు నకిలీ బిల్లులు కావలెను. మరుసటి మూడు నెలల లెక్కలు మొదటి లెక్కకు తగ్గకూడదు. అబద్ధమైనను అతికినట్లుండవలెనని సామెత. కాని అతుకు వేసిన చోటనే మరల అతుకు వేయవలసి వచ్చును. ఇంతటి నష్టమును ఎవరు మోసినారు? లేఖ వెలువడిన ఆ ఒక్క దినముననే సంస్థ వాటా విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా కరిగిపోయినది. తమ పొదుపును ఆ వాటాలలో పెట్టుకొన్నవారు, నెల జీతము వచ్చునో రాదోయని కూర్చున్న ఉద్యోగులు, వారి మీద ఆధారపడిన తల్లిదండ్రులు మోసినారు. కేంద్రప్రభుత్వము పాత బోర్డును తొలగించి క్రొత్త బోర్డును నియమించినది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా సంస్థ దానిని చేపట్టినది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానము రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల కారాగారశిక్ష విధించినది. మరుసటి నెలలో పై న్యాయస్థానము ఆ శిక్ష అమలును నిలిపి బెయిలు మంజూరు చేసినది.

ఈ వృత్తాంతములో మనము నేర్వవలసినది మరియొకటి కలదు. ఆ లెక్కలను ఏటేట తనిఖీ చేసి సరియేనని సంతకము పెట్టిన ఆడిటర్లు ఉండిరి. బ్యాంకు నిల్వలు నిజమా, కాదా అని వారు నేరుగా బ్యాంకులనే అడిగి రూఢి చేసికొనలేదని 2011లో అమెరికా నియంత్రణాధికారులు తప్పుపట్టినారు. సంస్థ ఇచ్చిన కాగితములను చూచి తృప్తిపడినారు. కావున అబద్ధమాడకుండుట ఒక్కటే చాలదు. తెలిసికొనవలసిన స్థానములో నున్నవాడు తెలిసికొనకుండుట కూడ ఇతరుల నెత్తిన భారము పెట్టుటయే. సత్యమునకు రెండు ముఖములు. తెలిసినది దాచకుండుట ఒకటి. తెలియనిది తెలిసికొనుటకు శ్రమపడుట రెండవది.

మన ప్రాంతమునకు దీనిని అన్వయించుకొందము. 1996లో ప్రభుత్వము 111వ సంఖ్య గల ఉత్తర్వును జారీ చేసి, హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో నిర్మాణములపై ఆంక్షలు విధించినది. మొయినాబాదు మండలములోని అనేక గ్రామములు ఆ పరిధిలోనికి వచ్చినవి. 2022లో ఆ ఆంక్షలను సడలించుచు మరియొక ఉత్తర్వు వచ్చినది. ఇట్టి నిబంధన ఉన్న భూమిని అమ్మువాడు దానిని చెప్పవలెను. మధ్యవర్తి తనకు తెలియనిచో తెలియదని చెప్పవలెను. "ఏమియు ఇబ్బంది లేదు" అని ధైర్యము చెప్పుట సులభము. కాని ఆ మాట మీద ఒక కుటుంబము జీవితకాలపు కష్టార్జితమును పెట్టుచున్నది. కొనువాడు కూడ పహాణీని, పాసుపుస్తకమును స్వయముగా పరిశీలించుకొనవలెను. నమ్మకము మంచిదే. విచారణ చేసిన పిమ్మట కలిగిన నమ్మకము ఇంకను మంచిది.

తెలియదని చెప్పుట అవమానము కాదా? ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ ఈ సందేహమును తీర్చును. ఆ బాలుడు గురుకులమునకు పోదలచి, తన గోత్రమేమని తల్లి జబాలను అడిగినాడు. యౌవనములో పలుచోట్ల పరిచర్య చేయుచు నిన్ను కంటిని, నీ గోత్రము నాకు తెలియదు అని ఆ తల్లి దాచక చెప్పినది. బాలుడు గౌతమమహర్షి యెదుట ఆ మాటనే యథాతథముగా చెప్పినాడు. ఏదో ఒక గోత్రమును కల్పించి చెప్పుట వారికి ఎంత పని? కాని ఇట్లు సత్యము నుండి తొలగనివాడే విద్యకు అర్హుడని గౌతముడు అతనికి ఉపనయనము చేసినాడు. బక్కచిక్కిన నాలుగువందల ఆవులను అప్పగించగా, అవి వేయి అగువరకు అతడు అడవిలో కాచినాడు. ఆ దారిలోనే అతనికి బ్రహ్మజ్ఞానము లభించినది. తెలియదను నిజముతో మొదలైన ప్రయాణము పరమసత్యము దాక సాగినది. తెలిసినట్లు నటించినవానికి తెలిసికొను అవకాశమే ఉండదు కదా!

"దైవకార్యము కొరకైనచో?" అని భక్తులు అడుగవచ్చును. గోల్కొండ కోటలో రామదాసు బందిఖానాను మీలో అనేకులు చూచియుందురు. కంచెర్ల గోపన్న పాల్వంచ తహసీలుదారుగా నుండి, సర్కారు పన్ను సొమ్మును వినియోగించి భద్రాచలములో శ్రీరామచంద్రునకు ఆలయము కట్టించినాడు. తానీషా ప్రభువు ఆయనను చెరలో పెట్టించినాడు. రామలక్ష్మణులు స్వయముగా వచ్చి ఆ పైకము చెల్లించి, రసీదు తీసికొని, భక్తుని విడిపించినారని సంప్రదాయము చెప్పుచున్నది. ఈ గాథలోని రసీదును గూర్చి ఒక్కసారి ఆలోచింపుడు. "నా ఆలయము కొరకే కదా, బాకీ ఎక్కడిది?" అని స్వామి అనలేదు. భక్తునిపై ఎంత ప్రేమ ఉన్నను లెక్కను కొట్టివేయలేదు. చెల్లించినాడు, చెల్లించినట్లు కాగితము పుచ్చుకొన్నాడు. భగవంతుడే లెక్క సరిచేసికొనగా, దైవకార్యమను పేరుతో లెక్క తప్పుటకు మనకు అధికారమెక్కడిది?

ఇక మిగిలినవి రెండు ఆక్షేపణలు. మొదటిది, నిజము చెప్పుట వలన ప్రాణహాని కలుగునప్పుడు ఏమి చేయవలెను? కర్ణపర్వములో శ్రీకృష్ణుడు కౌశికుడను తాపసుని కథ చెప్పినాడు. దొంగలకు వెరచి అడవిలో దాగినవారి జాడను ఆ తాపసుడు సత్యవ్రతము పేరిట దొంగలకే చెప్పినాడు. వారు హతులైనారు. అతడు నరకమునకు పోయినాడు. మనము పైన చెప్పుకొన్న కొలబద్ద ఇచ్చటను సరిపోవును. తన వ్రతము నిలుపుకొనుటకు ఆ తాపసుడు భారమును నిరపరాధుల నెత్తిన పెట్టినాడు. అయితే ప్రాణరక్షణ కొరకు చెప్పబడిన ఈ మినహాయింపును మనము లాభరక్షణకు వాడుకొనరాదు.

రెండవది, నూరు అబద్ధములాడియైనను ఒక పెండ్లి చేయుమన్న సామెత. చిన్నచిన్న పొరపొచ్చెములు సర్ది రెండు కుటుంబములను కలుపుమని దాని భావము కావచ్చును. కాని వరుని వ్యాధిని, వ్యసనమును, అప్పులను, లేని ఉద్యోగమును కప్పిపుచ్చుటకు దానిని వాడుచున్నారు. అబద్ధము చెప్పిన పెద్దలు భోజనము చేసి వెళ్లిపోవుదురు. నూరు అబద్ధముల భారమును ఆ ఆడుబిడ్డ ఒక్కతియే జీవితాంతము మోయును. అట్టి పెండ్లి చేయుట పుణ్యము కాదు.

ఇప్పుడు ఆ రైతుసోదరునికి మన సమాధానమేమి? అయ్యా, మీకు అప్పు మిగిలిన మాట నిజము. దానిని ఈ ఉపన్యాసము తీర్చలేదు. కాని తగ్గిన ఆ ధర మీ సొమ్ము కాదు. అది వేసవిలో లేని నీటికి కట్టిన వెల. లేని నీటిని మీరు అమ్మలేదు. అందువలన మీ కుమార్తె పెండ్లిపందిరి క్రింద మరొకరి ఎండిన పంట లేదు. మీ భూమిని కొన్న కుటుంబము ఆ బోరుకు తగిన పంటనే వేసికొని బ్రతుకగలదు. మీరు సత్యము వలన మీకు కలిగిన ప్రయోజనమును అడిగినారు. ప్రయోజనము కలిగినది. అది వారి యింట ఉన్నది. మీకు తెలియకుండ మరియొకరు పలికిన సత్యము వలన మీ యింట కూడ అట్టి ప్రయోజనము ఎన్నియో పర్యాయములు కలిగియుండును. తూకము సరిగా వేసిన వర్తకుడు, మందు గడువు తీరినదని చెప్పిన దుకాణదారు, ఈ విత్తనము మీ నేలకు పనికిరాదని చెప్పిన తోటిరైతు, వీరందరును తమ లాభమును కొంత వదులుకొని మన భారమును తగ్గించినవారే. లోకము ఇట్టివారి వలననే నడచుచున్నది.

కావున, మాట పలుకుటకు ముందు ప్రతిదినము మనలను మనము ఇట్లు ప్రశ్నించుకొందము. ఇది నాకు నిజముగా తెలిసినదేనా? విన్నవాడు దీనిని సరిగా గ్రహించునా? నేను దాచినచో దీని నష్టమును ఎవరు మోయుదురు? ఈ మూడవ ప్రశ్నకు సమాధానము దొరికిన పిమ్మట అబద్ధమాడుటకు మనస్సు అంత సులభముగా ఒప్పదు.

శుభమ్.