చిప్స్ ప్యాకెట్టుకో పొగ జాతకం!

మీకు తెలుసా? 2007లో బ్రిటన్‌లో వాకర్స్ చిప్స్ ప్యాకెట్టు మీద చిన్న పాదముద్ర బొమ్మ ఒకటి ప్రత్యక్షమైంది. పక్కన ఓ అంకె: 75 గ్రాములు. ఆ ఒక్క ప్యాకెట్టు కోసం గాల్లో కలిసిన కార్బన్ డయాక్సైడ్ అది. మరి లోపల చిప్స్ ఎన్ని? 35 గ్రాములు కూడా లేవు. సరుకు కన్నా పొగే బరువు!

పాదముద్ర అంటే మరేం లేదు. సరుకు పుట్టిన దగ్గర్నుంచి చెత్తబుట్టలో పడేదాకా ఎక్కడెక్కడ ఎంత పొగ లేచిందో అంతా కూడి చెప్పే లెక్క. మీథేన్ లాంటి వాయువుల్నీ కార్బన్ డయాక్సైడ్‌లోకి మార్చి కలుపుతారు, డాలర్లను రూపాయల్లోకి మార్చినట్టు. పాఠం అయిపోయింది. పదండి!

ఆ చిప్స్ లెక్క కడుతుంటే దొరికిన దొంగ ఎవరో మీకు తెలుసా? నీళ్లు! కంపెనీ ఆలుగడ్డల్ని బరువు చూసి కొనేది. రైతు మాత్రం ఊరుకుంటాడా? గోదాములో గాలికి చెమ్మ పట్టించి, గడ్డ బరువు తగ్గకుండా కాపాడుకునేవాడు. ఆ నీటికీ కంపెనీ డబ్బు కట్టేది. తెచ్చుకున్నాక ముక్కలు కోసి, నూనెలో వేసి, కొనుక్కున్న నీళ్లనే ఇంధనం మండించి ఆవిరి చేసేది! తడి ఆలుముక్కలు కళాయిలో వేసి చూడండి. చిటపటమంటూ నురగ తేలి, ముక్క కరకరలాడే దాకా మంట మింగుతూనే ఉంటుంది. అదే పని ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన జరిగింది. చెమ్మ పట్టించడానికి అక్కడ కరెంటు, వదిలించడానికి ఇక్కడ మంట. రెండు బిల్లులూ ఒకే గడ్డ మీద!

మరి మందేమిటో తెలుసా? కొత్త యంత్రం కాదు. కొనుగోలు ఒప్పందంలో చిన్న మార్పు: ఇకపై నీళ్లు పోను మిగిలే సరుకును బట్టే ధర. ఇలాంటి సర్దుబాట్లన్నీ కలిసి రెండేళ్లలో ప్యాకెట్టు పాదముద్రను 7 శాతం తగ్గించాయి. మన పత్తి రైతు ఇది చదివితే నవ్వుకుంటాడు. భారత పత్తి సంస్థ (సీసీఐ) కేంద్రంలో కుప్పలోకి తేమ మీటరు గుచ్చి, 8 శాతం దాటితే ధర కోయడం, 12 దాటితే వెనక్కి పంపడం మనకు తెలిసిన ముచ్చటే. ఒకసారి వరంగల్ మార్కెట్‌కు వచ్చి ఉంటే వాకర్స్ వాళ్లకు కన్సల్టెంటు ఫీజు మిగిలేది!

మీకు తెలుసా? అదే 2007లో టెస్కో సూపర్‌మార్కెట్ల సంస్థ తన 70,000 సరుకులకూ ఇలాంటి లేబుళ్లు వేస్తానని ప్రకటించింది. తీరా చూస్తే ఒక్కో సరుకు లెక్కకు నెలలు పట్టింది. 2012లో చేతులెత్తేసే నాటికి లేబుల్ పడినవి సుమారు 500. అదే నడకన పోతే మొత్తం పూర్తవడానికి ఏడు వందల ఏళ్లు!

ఈ తరహా లెక్కలకు పురుడు పోసిందెవరో మీకు తెలుసా? కోకాకోలా! గాజు సీసా మేలా, ప్లాస్టిక్ మేలా, డబ్బా మేలా అని 1969లోనే అధ్యయనం చేయించింది. పూర్తి నివేదికను మాత్రం బీరువాలో దాచేసింది. నలభై ఏళ్లకు, 2009లో, బ్రిటన్‌లో అంకెలు చెప్పింది. 330 మిల్లీలీటర్ల కోక్ డబ్బాలో ఉంటే 170 గ్రాములు, గాజు సీసాలో ఉంటే 360. లోపలి పానీయం ఒక్కటే. తేడా అంతా చొక్కాలోనే!

మీకు తెలుసా? ఒక కంపెనీ తన గేటు లోపల వదిలే ఉద్గారాల కన్నా దాని సరఫరా గొలుసులో లేచేవి సగటున 26 రెట్లు ఎక్కువ. సీడీపీ అనే సంస్థ 2024లో తేల్చిన లెక్క ఇది. గేటు పక్కన మొక్క నాటి ఫొటో దిగిన మేనేజరుగారూ, వింటున్నారా?

రన్నింగ్ షూస్ జతలో ఎన్ని భాగాలుంటాయో తెలుసా? అమెరికాలో ఎంఐటీ పరిశోధకులు 2013లో ఒక జత విప్పి లెక్కపెట్టారు: 65! వాటిని కలిపి బూటుగా చేయడానికి 360 పనులు. మొత్తం 14 కిలోల కార్బన్ డయాక్సైడ్, అందులో మూడింట రెండు వంతులు తయారీలోనే. కాలు పెట్టకముందే పాదముద్ర పడిపోయింది!

అరవై అయిదుకే అలిసిపోయారా? లండన్‌లో థామస్ త్వైట్స్ అనే డిజైన్ విద్యార్థి చవక రకం బ్రెడ్ టోస్టర్ ఒకటి విప్పాడు. బల్ల మీద పరిస్తే 404 ముక్కలు! ప్రతి ముక్కకూ ఒక తయారీదారు, అతనికో ముడిసరుకు వ్యాపారి. ‘మీ దగ్గర ఎంత పొగ లేచింది?’ అని వాళ్లందరికీ ఫోను చేసే ఉద్యోగం మీకొస్తే?

మీకు తెలుసా? మన దేశంలో గ్రిడ్ నుంచి ఒక యూనిట్ కరెంటు వాడితే సుమారు 700 గ్రాముల కార్బన్ డయాక్సైడ్. అణువిద్యుత్తు మీద నడిచే ఫ్రాన్స్‌లో అందులో పదో వంతు కూడా లేదు. అదే యంత్రం, అదే బోల్టు, పనిచేసేదీ అదే చేయి. ప్లగ్గు పెట్టిన ఊరు మారిందంతే!

అల్యూమినియం సంగతి ఇంకా విడ్డూరం. బొగ్గు కరెంటుతో తీస్తే టన్నుకు పాదముద్ర 16 టన్నులు దాటుతుంది, జలవిద్యుత్తుతో తీస్తే 4 టన్నుల దగ్గర ఆగుతుంది. పాత గిన్నెలు కరిగిస్తేనో? కొత్తగా తీయడానికి పట్టే శక్తిలో అయిదు శాతం చాలు. పాత సామాను వాడు మన వీధిలో ఎన్నేళ్లుగానో చేస్తున్న పర్యావరణ సేవ!

ఫ్రిజ్‌కే కాదు, ఉక్కుకూ నక్షత్రాలుంటాయని మీకు తెలుసా? 2024 డిసెంబరులో మన కేంద్ర ఉక్కు శాఖ ‘ఆకుపచ్చ ఉక్కు’ అంటే ఏమిటో అంకెల్లో చెప్పింది. టన్ను ఉక్కుకు 2.2 టన్నుల లోపు ఉద్గారాలైతేనే ఆ పేరు. 1.6 లోపైతే అయిదు నక్షత్రాలు. 2 లోపైతే నాలుగు, ఆ పైన మూడు. విశాఖ ఉక్కులా బ్లాస్ట్ ఫర్నేస్‌లో బొగ్గుతో తీసే పద్ధతికి ప్రపంచ సగటు 2.3 టన్నులు. తుక్కు కరిగించే విద్యుత్ కొలిమికి 0.7. నక్షత్రం అందీ అందనట్టు ఊరిస్తోంది!

ఇంతకీ ఈ లెక్కలు ఎవరిక్కావాలి అంటారా? యూరప్‌కు! ఉక్కు, అల్యూమినియం, సిమెంటు, ఎరువుల లాంటివి అక్కడికి పంపాలంటే 2023 అక్టోబరు నుంచి ఉద్గారాల వివరాలు ఇవ్వాల్సిందే. 2026 జనవరి నుంచి వాటికి కార్బన్ రుసుము కూడా మొదలైంది. జాబితాలో ఇంకేమున్నాయో తెలుసా? నట్లు, బోల్టులు! ‘మా దగ్గర లెక్క లేదండీ’ అంటే వాళ్లే ఒక అంకె వేసేస్తారు. వాళ్లు వేసే అంకె మనల్ని చూసి జాలిపడే రకం కాదు!

మీకు తెలుసా? నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు గాలై పోతుంది. బొగ్గు పొగ సంగతి కాదు నేను చెప్పేది, రాయి లోపలి కార్బన్ డయాక్సైడే. బట్టీలోకి బరువుగా వెళ్లిన రాయి తేలిగ్గా బయటికొస్తుందని పాతకాలపు సున్నం కాల్చేవాళ్లకు చేతులే చెప్పేవి. సిమెంటు ఉద్గారాల్లో సగానికి పైగా ఇదే బాపతు. అంటే కొలిమిని పూర్తిగా సౌరశక్తితో నడిపినా రాయి మాత్రం ఊపిరి వదులుతూనే ఉంటుంది!

ఈసారి సిమెంటు బస్తా మీద ‘పీపీసీ’ అన్న అక్షరాలు వెతకండి. అందులో 35 శాతం దాకా థర్మల్ కేంద్రం బూడిద కలపొచ్చు. ఉక్కు ఫ్యాక్టరీ స్లాగ్ సిమెంటులోనైతే 70 శాతం దాకా స్లాగే. పక్కింటి చెత్తతో మన గోడ!

విమానమెక్కిన గులాబీ మంచిదా, పక్క ఊరి గులాబీ మంచిదా? తొందరపడకండి! బ్రిటన్ మార్కెట్‌కు వచ్చే 12,000 గులాబీల లెక్కను క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 2007లో కట్టింది. కెన్యా నుంచి విమానంలో వస్తే 6,000 కిలోలు. పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌లో వేడి గాజు ఇళ్లలో పెంచితే 35,000! కెన్యాలో హీటరు అక్కర్లేదు, పైన సూర్యుడున్నాడు.

మీకు తెలుసా? పోల్‌స్టార్ అనే ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ 2020లో తన గుట్టు తనే విప్పింది. ఫ్యాక్టరీ గేటు దాటేసరికి తమ కారు ఖాతాలో 26 టన్నులు, పోల్చి చూసిన పెట్రోలు కారు ఖాతాలో 14! గాలిమర కరెంటుతో నడిపితే 50,000 కిలోమీటర్లకు ఈ అప్పు తీరుతుందట. ప్రపంచ సగటు కరెంటైతే 1,12,000 దాకా ఆగాలి. పెళ్లిచూపుల్లో అబ్బాయి తన అప్పుల జాబితా చదివినట్టుంది!

కిలో ఆలుగడ్డలకు పాదముద్ర అర కిలో, కిలో బియ్యానికి సుమారు నాలుగున్నర కిలోలు, కిలో డార్క్ చాక్లెట్‌కు 46 కిలోలకు పైనే. 119 దేశాల్లో 38,700 పొలాల లెక్కలు చూసి 2018లో ఇద్దరు శాస్త్రవేత్తలు చెప్పిన ప్రపంచ సగటు ఇది. బియ్యానికి అంత ఎందుకంటే, నీళ్లు నిలిచిన మడిలో మీథేన్ పుడుతుంది. మడిని మధ్యమధ్య ఆరనిస్తే అది తగ్గుతుంది. చాక్లెట్ తోట కోసం నరికిన అడవిని మాత్రం ఎలా ఆరబెడతారు?

మీ చేతిలో ఉన్న గుడ్డసంచీని ఎన్నిసార్లు వాడాలో తెలుసా? పల్చటి ప్లాస్టిక్ కవరుతో వాతావరణం లెక్కలో సరితూగాలంటే 131 సార్లు. బ్రిటన్ పర్యావరణ ఏజెన్సీ 2011లో చెప్పింది. పెళ్లిలో తాంబూలంతో ఇచ్చిన సంచులు ఇంట్లో పదిహేను మూలుగుతున్నాయా? రోజుకొకటి తిప్పినా అయిదేళ్ల పని!

ఇక ఆఖరిది. లీవైస్ 501 జీన్స్ ప్యాంటు జీవితకాల పాదముద్ర 33.4 కిలోలు అని ఆ కంపెనీ 2015లో ప్రకటించింది. అందులో పన్నెండున్నర కిలోలు ఎవరివో తెలుసా? మనవే! కొన్నాక ఉతికి ఆరేసిన ఖాతా. అంతకు ముందు ఏడాదే కంపెనీ సీఈఓ ఒక వేదికెక్కి, తాను వేసుకున్న జీన్స్ ఏడాదిగా వాషింగ్ మెషీన్ మొహం చూడలేదని చెప్పాడు. ఆయన పేరేమిటో తెలుసా? చిప్ బెర్గ్. అవును, చిప్!