సుత్తి కోసం వెళితే...

పొలంలో పోయిన సుత్తిని వెతికిపెట్టమన్నాడు రైతు. సరేనంటూ మెటల్ డిటెక్టర్ పట్టుకుని వెళ్లాడు ఆయన స్నేహితుడు ఎరిక్ లాస్. 1992 నవంబరులో, ఇంగ్లండ్‌లోని హాక్సన్ గ్రామంలో జరిగిందిది. సుత్తి సంగతి దేవుడెరుగు, రోమన్ల కాలంనాటి బంగారు, వెండి నాణేలు బయటపడ్డాయి! కొన్నింటిని తీసి, ఇక తవ్వడం ఆపేసి కబురు పెట్టాడాయన. పురావస్తు నిపుణులు వచ్చి పదిలంగా వెలికితీసిన నాణేలు దాదాపు 15 వేలు. బహుమతిగా వచ్చిన 17.5 లక్షల పౌండ్లను రైతుతో పంచుకున్నాడు. అన్నట్టు, సుత్తీ దొరికింది. అదిప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది!

ఎక్కడుందో చెప్పడంతో డిటెక్టర్ పని అయిపోతుంది. ఆపైన భారమంతా చేతిలోని పనిముట్టుదే. పదహారు వందల ఏళ్లు చెక్కుచెదరని నాణేనికి ఒక్క పోటుతో గాటు పడొచ్చు. అందుకే మోగినచోట కాకుండా కాస్త ఎడంగా దించాలి.

దున్నిన చేలో చిన్న పార చాలు. పచ్చికలో అయితే ఒక అంచుకి రంపంపళ్లున్న చేతి తాపీ మేలు. వేళ్లు తెగుతాయి. మూడువైపులా కోసి గడ్డిని మూతలా లేపి, పని కాగానే మళ్లీ కప్పేయొచ్చు. ఇసుకలో చిల్లుల చేట. తోటపనికి వాడే చౌకరకం తాపీలు మాత్రం వద్దు, బంకమట్టిలో మెడ దగ్గర వంగిపోతాయి. పిడీ అలుగూ ఒకే ఉక్కుముక్కగా ఉన్నది తీసుకోవాలి. దాన్ని డిటెక్టర్ దగ్గర పెడితే మోగేది అదే!

మన దేశంలో 1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి.