కాక్‌పిట్‌లో ఎన్ని స్క్రీన్లు ఉన్నా, వెనక్కి తిరగాల్సింది పైలటే

మీ ఫోన్‌లో జైరోస్కోప్, యాక్సిలరోమీటర్, జీపీఎస్ ఉంటాయి. కాస్త ఖరీదైన మోడల్ అయితే గాలి ఒత్తిడి కొలిచే బారోమీటర్ కూడా ఉంటుంది. ఇప్పటి రెండు, నాలుగు సీట్ల చిన్న విమానాల్లో ఉండేవి కూడా ఇదే జాతి సెన్సర్లు. క్వాలిటీ, సర్టిఫికేషన్ వేరు, అంతే. అదనంగా చెప్పుకోవాల్సింది పీటో ట్యూబ్ ఒకటి. రెక్క దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన చిన్న గొట్టం ఇది. ఎదురుగాలి ఒత్తిడికీ, మామూలు గాలి ఒత్తిడికీ ఉన్న తేడాని బట్టి విమానం వేగం తెలుస్తుంది.

మరి ఇన్ని ఉన్నా, ఇంజిన్ బాగున్న విమానాన్ని, పరికరాలన్నీ కరెక్ట్‌గా చూపిస్తున్న విమానాన్ని మనిషి ఎలా కూల్చేసుకుంటాడు? గ్యాడ్జెట్లు రివ్యూ చేసేవాడిగా నాకు ఈ ప్రశ్న చాలా ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ తేడా కొట్టేది హార్డ్‌వేర్ కాదు.

ముందు ఫోన్‌తోనే అర్థం చేసుకుందాం. గోడకి ఫ్రేమ్ తగిలించేటప్పుడు వాడే లెవెల్ యాప్ తెలుసు కదా. కేవలం యాక్సిలరోమీటర్ మీద నడిచే అలాంటి యాప్‌ని, 30 డిగ్రీలు పక్కకి ఒరిగి సాఫీగా మలుపు తిరుగుతున్న విమానంలో ఫ్లోర్ మీద పెట్టారనుకోండి. 'అంతా సమానంగానే ఉంది' అని చూపిస్తుంది! సరిగ్గా తిప్పిన మలుపులో గురుత్వాకర్షణ, మలుపు వల్ల పుట్టే బలం కలిసి నేరుగా ఫ్లోర్ వైపే లాగుతాయి. గ్లాసులో నీళ్లు కూడా ఒలకవు. ఇక్కడ యాక్సిలరోమీటర్ ఒక్కటే సరిపోదు, జైరో కావాల్సిందే.

మన ఒంట్లో కూడా జైరో ఉంది, లోపలి చెవిలో. కానీ దాని డిజైన్‌లో ఒక లిమిటేషన్ ఉంది. అక్కడి సన్నటి గొట్టాల్లో ఉండే ద్రవం తిరగడం మొదలైనప్పుడు, ఆగినప్పుడు మాత్రమే బాగా పసిగడుతుంది. ఒకే వేగంతో 20 సెకన్ల దాకా తిరిగితే ద్రవం కూడా మనతోపాటే తిరుగుతుంది, దాంతో 'ఆగిపోయాం' అనిపిస్తుంది. కావాలంటే రివాల్వింగ్ చైర్‌లో కళ్లు మూసుకుని కూర్చుని, ఫ్రెండ్‌ని ఒకే స్పీడ్‌లో నెమ్మదిగా తిప్పమనండి. కుర్చీ ఆపగానే రివర్స్‌లో తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. (చుట్టుపక్కల గట్టి వస్తువులేవీ లేకుండా చూసుకోండి.)

బయట హొరైజన్ కనిపిస్తున్నంత సేపు కళ్లు ఈ తప్పుని సరిచేస్తాయి. మబ్బులోకి వెళ్తే ఆ సాయం పోతుంది. విమానం ఒరిగి తిరుగుతుంటుంది, పైలట్‌కి మాత్రం తిన్నగా వెళ్తున్నట్టే ఉంటుంది. ముక్కు కిందికి దిగి వేగం పెరుగుతుంది. వేగం తగ్గిద్దామని స్టిక్ వెనక్కి లాగుతాడు. రెక్కలు సమానంగా లేవు కాబట్టి మలుపు ఇంకా బిగుసుకుంటుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీలో, మబ్బుల్లో ఎగరడం నేర్చుకోని 20 మంది మీద దీన్ని పరీక్షించారు. నిజంగా ఎగిరే విమానంలోనే, బయటి దృశ్యం కనిపించకుండా చేశారు. ఇరవైకి ఇరవై మందీ అదుపు తప్పారు. సగటున పట్టిన టైమ్ 178 సెకన్లు, అంటే మూడు నిమిషాలు కూడా కాదు. తర్వాత అదే పరికరాలతో ఒకే ఒక్క పని నేర్పించారు: కంగారు పడకుండా వచ్చిన దారికి 180 డిగ్రీలు తిరిగి బయటపడటం. దాదాపు ప్రతిసారీ బయటపడగలిగారు. కొత్త బాక్స్ ఏదీ బిగించలేదు.

1999 జూలై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ తన పైపర్ సారటోగాలో న్యూజెర్సీ నుంచి బయల్దేరాడు. వెంట భార్య, ఆమె సోదరి ఉన్నారు. మార్తాస్ విన్యార్డ్ దీవి దగ్గర చీకటి, కింద సముద్రం, చుట్టూ పొగలాంటి మసక. చట్టం లెక్కన చూస్తే అది ఎగరకూడని వాతావరణం కాదు. కానీ నీళ్ల మీద హొరైజన్ కనిపించలేదని ఆ రాత్రి అటువైపు ఎగిరిన వేరే పైలట్లు చెప్పారు. కెనడీకి పరికరాలను మాత్రమే చూసి ఎగిరే రేటింగ్ ఇంకా రాలేదు. విమానం చివర్లో కుడివైపు తిరుగుతూ నిమిషానికి 4,700 అడుగుల కంటే ఎక్కువ వేగంతో దిగిపోయింది. ముగ్గురూ చనిపోయారు. దర్యాప్తు చేసిన ఎన్‌టీఎస్‌బీ, విమానంలో ముందే ఏదో పాడైనట్టు ఆధారం దొరకలేదని తేల్చింది. అందులో ఆటోపైలట్ కూడా ఉంది!

'ఆ కాలంలో గుండ్రటి డయల్స్ కదా, ఇప్పుడు పెద్ద స్క్రీన్లు వచ్చాయిగా' అంటారా? వచ్చాయి. సెస్నా 172 లాంటి విమానాల్లో కనిపించే గార్మిన్ జీ1000 స్క్రీన్ 10.4 అంగుళాలు, రిజల్యూషన్ 1024x768. (ఈ స్పెక్స్‌తో ట్యాబ్లెట్ వస్తే నేను నవ్వేవాడినేమో, కానీ ఎండలో చదవగలగడం, ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేయడం వేరే లెవెల్ పని.) ఎన్‌టీఎస్‌బీ 2002-2006 మధ్య తయారైన 8,000కు పైగా చిన్న విమానాలను పోల్చి, 2010లో రిపోర్ట్ ఇచ్చింది. స్క్రీన్లున్న విమానాలకు మొత్తం ప్రమాదాల రేటు తక్కువ. ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు మాత్రం ఎక్కువ. దీన్ని చూసి 'స్క్రీన్లు చంపుతున్నాయి' అనకూడదు. ఆ విమానాలు ఎక్కువగా దూరప్రయాణాలకు, మబ్బుల్లో ఎగరడానికి వాడుతున్నారని అదే రిపోర్ట్ చెప్పింది. నా ఉద్దేశంలో అసలు పాయింట్ అదే. మంచి స్క్రీన్ ఉందంటే ఇంకొంచెం ముందుకు వెళ్దాంలే అనిపిస్తుంది.

దీనికి బెస్ట్ ఉదాహరణ వాతావరణం మ్యాప్. పైలట్ ఒళ్లో ఉన్న ఐప్యాడ్‌లో ఫోర్‌ఫ్లైట్ లాంటి యాప్ తెరిస్తే వర్షం పచ్చగా, ఎర్రగా కనిపిస్తుంది. ఆ మచ్చల మధ్య సందు కూడా కనిపిస్తుంది, దూరిపోవాలనిపిస్తుంది. కానీ ఆ బొమ్మ లైవ్ కాదు. నేల మీద ఉన్న చాలా రాడార్ల డేటాని కలిపి కుట్టి పంపిస్తారు. పక్కన '1 నిమిషం' అని ఉంటే, అది బొమ్మ కుట్టిన టైమ్ నుంచి లెక్క, రాడార్ వర్షాన్ని చూసిన టైమ్ నుంచి కాదు. ఒక్కోసారి అసలు సమాచారం 15-20 నిమిషాలు పాతది కావచ్చని ఎన్‌టీఎస్‌బీ 2012లో హెచ్చరించింది. మ్యాచ్ మీ ఫోన్‌లో స్ట్రీమ్ అవుతుండగా, పక్కింట్లో ముందే సిక్స్ కేకలు వినిపిస్తాయి చూడండి, అలాంటి లాగ్ అన్నమాట. అక్కడ పోయేది థ్రిల్ మాత్రమే. ఇక్కడ ఉరుముల మబ్బు ఆ సందుని ఈపాటికే మూసేసి ఉండొచ్చు. మ్యాప్ పెద్ద తుఫానుని దూరం నుంచే చుట్టేసి వెళ్లడానికి సూపర్, సందులో దూరడానికి పనికిరాదు.

ఐప్యాడ్ గురించి ఇంకొక్క మాట. ఆపిల్ చెప్పే వాడకం పరిమితి 35 డిగ్రీల వరకే. అద్దాల కింద ఎండలో అది వేడెక్కి ఆఫ్ అయిపోతే మ్యాప్ పోతుంది. అందుకే దాన్నొక్కదాన్నే నమ్ముకోరు.

మరి మంచి పైలట్లు ఏం చేస్తారు? నిర్ణయాన్ని గాల్లోకి వాయిదా వేయరు. విజిబిలిటీ ఇంత కంటే తగ్గితే, మబ్బులు ఇంత కంటే కిందికి దిగితే, పెట్రోల్ ఇంతకు వస్తే వెనక్కి తిరుగుతా అని నేల మీద ఉండగానే అంకెలతో రాసుకుంటారు. గాల్లో గమ్యం 20 కిలోమీటర్లే ఉందని తెలిసినప్పుడు, వెనక సీట్లో అక్కావాళ్లు కూర్చుని ఉన్నప్పుడు 'తిరిగి వెళ్దాం' అనడం చాలా కష్టం. ముందే రాసుకున్న అంకె ఉంటే ఆ వాదన తనతో తాను పెట్టుకోనక్కర్లేదు.

మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్లు ఇది ట్రై చేయొచ్చు: జీ1000 ఉన్న సెస్నా 172 తీసుకుని, ఆటోపైలట్ ఆపేసి, మబ్బులోకి వెళ్లి, మ్యాప్‌లో ఏదో వెతుకుతూ మూడు నిమిషాలు నడపండి. తర్వాత నీలం-గోధుమ రంగుల యాటిట్యూడ్ ఇండికేటర్ వైపు చూడండి. ఎంత ఒరిగిపోయారో కనిపిస్తుంది. మీ కుర్చీ కదలడం లేదు కాబట్టి మీ చెవి అబద్ధం చెప్పదు, స్క్రీన్‌ని వెంటనే నమ్మేస్తారు. నిజం విమానంలో ఆ సదుపాయం ఉండదు.