సైకిలు గొలుసు జారకుండుటకు



అనంతగిరి కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున, బొర్రా గుహలు గలవు. అట్టి ఘాటు దారిని గేర్ల సైకిలుపై ఎక్కువాడు బలముకొలది తొక్కుచుండగా గొలుసు జారెనా, కాలు పట్టుదప్పి మనిషి పడును. వెనుక బస్సు వచ్చుచున్నచో ప్రాణాపాయమే.

ఇది గ్రహచారము కాదు, కారణములు మూడు.

మొదటిది అరుగుదల. లంకెలలోని సీలలు అరిగినకొలది గొలుసు సాగును. క్రొత్త గొలుసున 24 లంకెల నిడివి సరిగా 12 అంగుళములు. అది అంగుళములో పదునారవ వంతు పెరిగినచో గొలుసు మార్పవలెను. ఉపేక్షించిన పండ్లచక్రములును చెడును.

రెండవది హద్దు తప్పుట. ముందు గొలుసును ప్రక్కకు నెట్టు సాధనమునకు రెండు చిన్న మరలుండును. లోపలి హద్దు మర సడలినచో గొలుసు చిన్న చక్రమును దాటి చట్రముమీద పడును. దానిని పావు చుట్టు చొప్పున బిగించి చూడవలెను.

మూడవది తొక్కువాని తొందర. ఎక్కుడు రాకముందే గేరు మార్చవలెను. మార్చునపుడు కాలి బరువు తగ్గించవలెను.

గేర్లులేని సైకిలునకు ఉపాయము సులభము. వెనుక ఇరుసు మరలు వదలించి, చక్రమును వెనుకకు లాగి, గొలుసు నడుమ అర అంగుళము మాత్రమే ఆడునట్లు బిగించిన చాలును.

మీ పిల్లవాడు కొండదారి పట్టకముందు ఒక్కమారు గొలుసును కొలిచి చూడుడు. ఆ కొంచెము శ్రమయే వానిని క్షేమముగా ఇల్లు చేర్చును.